పదకొండో తల

రూఫీనా పడవ ఎక్కుతుంటే రేవులో ఉన్నవాళ్ళు ఒక్క క్షణం మాటలు ఆపారు. ఇరవై రెండేళ్ళుగా వియామిల్ ఊళ్ళో ఉంటున్న మనిషి ఆమె. హోటళ్ళ దుప్పట్లు ఉతికి, ఒడ్డున కట్టిన తాళ్ళ మీద ఆరేసి, సాయంత్రానికి మడతలు పెట్టి అప్పగించడం ఆమె పని. పొద్దంతా సముద్రం ముందే ఉంటుంది. అయినా ఆరేళ్ళుగా ఆమె పాదం ఉప్పునీళ్ళలో తడవడం ఎవరూ చూడలేదు.

పడవ నడిపే ఎవారిస్తో చెయ్యి చాపాడు.

"రా వదినా. చర్చి మెట్లేం కావు, అంత నెమ్మదిగా ఎక్కక్కర్లేదు."

"చెయ్యి నేను అడగలేదు," అంది రూఫీనా. కాని ఆ చేతిని గట్టిగానే పట్టుకుంది.

ఆరేళ్ళ కిందట ఎవారిస్తోకు లాబ్‌స్టర్ల వేట పడవ ఉండేది. ఆ పడవలోంచే రూఫీనా భర్త అలోన్సో పడవ మీది యంత్రం గాలి పంపే గొట్టం నోట కరుచుకుని నీళ్ళలోకి దిగాడు. గొట్టం పైకి వచ్చింది, మనిషి రాలేదు. మూడు రోజులు వెతికారు. నాలుగో రోజు పొద్దున టోపీ చేత్తో పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పినవాడు ఎవారిస్తోనే. ఆ తరవాత అతను వేట మానేసి, దీవులు చూడటానికి వచ్చేవాళ్ళను తిప్పే పడవలో చేరాడు.

కూతురు తామియా పడవ ముందు భాగంలో నల్ల రబ్బరు సూటు తొడుక్కుని, చేతిలో కాగితంతో, ఎక్కినవాళ్ళ పేర్లు సరిచూస్తోంది. గైడు పరీక్ష ప్యాసై ఏడాదయింది. ఇన్నాళ్ళూ ఇంకొకరి వెనక నడిచింది. ఒక్కతే గుంపును తీసుకెళ్ళడం ఇవాళే మొదలు. గుంపులో ఉన్నది కూడా బయటివాళ్ళు కాదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి జనం చూసిపోయే లావా సొరంగాలను ఊళ్ళో సగం మంది ఎన్నడూ చూడలేదని, పంచాయతీవాళ్ళు ఏడాదికి కొన్ని రోజులు ఊరివాళ్ళను పదిమంది చొప్పున పంపిస్తారు. ఆ పదిమందిలో రూఫీనా లేదు. ఎవారిస్తోను అడిగి పడవలో కాస్త చోటు సంపాదించింది.

"నువ్వొచ్చి ఏం చేస్తావమ్మా? నీకు ఈత కూడా రాదు," అంది తామియా నిన్న అన్నం దగ్గర.

"చూస్తాను."

"పక్షుల్నా, చేపల్నా?"

"నిన్ను."

తామియా పళ్ళెం కడిగి బోర్లించి వెళ్ళి పడుకుంది.

పడవ కదిలాక ఊరివాళ్ళ గొంతులు పెరిగాయి. రొట్టెల అబ్దోన్ ఎడమ పక్క కూర్చోబోతే మందుల షాపు గ్లెండా అతని భుజం పట్టుకుని ఆపింది.

"నువ్వు మధ్యలో కూర్చో నాయనా. ఓ పక్కన కూర్చున్నావంటే పడవ ఉన్నచోటే గిరగిరా తిరుగుద్ది."

"నా సంగతి వదిలెయ్యి, నీ మాత్రల కన్నా నా రొట్టెలే నయం. తిన్నవాళ్ళు మళ్ళీ వస్తారు," అన్నాడు అబ్దోన్.

అందరూ నవ్వారు. తామియా కూడా నవ్వింది. రూఫీనా మాత్రం అంచు కమ్మీ మీద రెండు చేతులూ బిగించి కూర్చుంది. పడవ గట్టు దాటగానే నీళ్ళ రంగు మారింది. ఆకుపచ్చ పోయి, నీలం పోయి, చివరికి ఏ రంగూ అనలేనంత చిక్కబడింది. ఆ చీకటి కింద ఎక్కడో అలోన్సో ఉన్నాడన్న ఆలోచన రాకుండా ఆమె తన మోకాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చుంది.

సొరంగాల దగ్గరికి దారి అలల మధ్య నుంచే. నల్లరాతి బండలు రెండు వరసలుగా నీళ్ళలోంచి తేలి ఉంటాయి. వాటి మధ్య సందు ఒక వీధి వెడల్పు ఉంటుంది. ఆ సందులో అలలు విరిగి తెల్లగా పొర్లుతుంటాయి. ఎవారిస్తో సందుకు ఎదురుగా పడవను నిలబెట్టి, తల వెనక్కి తిప్పి సముద్రం వైపు చూస్తూ చాలాసేపు ఆగాడు. ఇంజను ఒక్కసారిగా అరిచింది. రూఫీనా కళ్ళు మూసుకుంది. పడవ ముక్కు పైకి లేచి, దబ్బున కింద పడి, మళ్ళీ లేచింది. ముఖం మీద నీళ్ళు కొట్టాయి. కళ్ళు తెరిచేసరికి చుట్టూ అద్దం లాంటి నీళ్ళు, నల్లరాతి వంతెనలు, వాటి మీద మొలిచిన నాగజెముడు.

"చూశావా అమ్మా, ఏం కాలేదు," అంది తామియా.

"ఇంకా పొద్దుంది," అంది రూఫీనా.

ముందు అందరూ రాతి మీదికి దిగారు. రూఫీనా కూడా ఎవారిస్తో భుజం పట్టుకుని పడవలోంచి నేరుగా రాతి మీదికే అడుగు వేసింది. ఎప్పుడో కరిగి పారిన రాయి సముద్రాన్ని చేరి, పైపొర గట్టిపడి, లోపలిది కారిపోయి మిగిలిన డొల్ల అది. కాలి కింద బోలుగా మోగుతోంది. అక్కడక్కడ పైకప్పు విరిగి బిలాలు పడ్డాయి. వాటిలోంచి కిందనున్న నీళ్ళు కనిపిస్తున్నాయి. నీళ్ళు లేచినప్పుడల్లా ఆ బిలాల్లోంచి గాలి బుస్సుమని పైకి వస్తోంది.

"తెల్ల రాళ్ళు పేర్చిన గీత దాటి అడుగు వెయ్యకండి. కొన్నిచోట్ల ఈ పొర చెయ్యంత మందం కూడా ఉండదు," అంది తామియా.

నీలి పాదాల పక్షి ఒకటి వాళ్ళకు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఒక పాదం ఎత్తి దించి, మరో పాదం ఎత్తి దించి, ఆడపక్షి ముందు ఆడుతోంది. మధ్యలో ఒక పుల్ల తెచ్చి దాని కాళ్ళ దగ్గర పెట్టింది. ఆడపక్షి అటు తిరిగి ఈకలు సర్దుకుంది.

"మా ఆయన కూడా ఇంతే. ఓ పుల్ల తెచ్చి పెట్టి ఇల్లు కట్టానంటాడు," అంది గ్లెండా.

తామియా పక్షి గురించి చెబుతుంటే రూఫీనా కూతురి గొంతు విని ఆశ్చర్యపోయింది. ఇంట్లో రెండేసి మాటలకు మించి మాట్లాడని పిల్ల, ఇక్కడ మాటకు మాట అమర్చి, వినేవాళ్ళ ముఖాలు చూసుకుంటూ, తొందర లేకుండా చెబుతోంది. గర్వపడాలని అనిపించింది. కాని ఆ రాతి కింద నీళ్ళు ఊపిరి తీస్తున్న చప్పుడు ఆమె చెవుల్లోంచి పోవడం లేదు.

తరవాత పడవను మడచెట్ల పక్కకు తీసుకొచ్చి ఇనుప లంగరు వేశారు. పదిమందీ నీళ్ళలో తేల్చే ఎర్ర చొక్కాలు తొడుక్కుని, కళ్ళద్దాలు, గాలిగొట్టాలు, కాళ్ళకు రబ్బరు రెక్కలు తగిలించుకున్నారు. అబ్దోన్‌కు చొక్కా బకిల్ పెట్టడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

"ఇద్దరిద్దరు కలిసి ఉండండి," అంది తామియా. "సొరంగం నోట్లో సొరచేపలు పడుకుని ఉంటాయి. బయటినుంచి చూడండి, చాలు. నేను లేకుండా ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. పోటు మొదలైంది. అవతలి కొస సముద్రంలోకి తెరిచి ఉంటుంది, నీళ్ళు లోపలికి తోస్తాయి. తిరిగి ఎక్కేటప్పుడు ఎవారిస్తో బాబాయ్ లెక్కపెడతాడు. పదిమంది."

"పది," అన్నాడు ఎవారిస్తో.

తామియా నల్ల సూటుతో, తేల్చే చొక్కా లేకుండా, చప్పుడు కాకుండా నీళ్ళలోకి జారింది.

పడవలో ఇద్దరే మిగిలారు. ఎవారిస్తో డబ్బా తెరిచి, జున్ను పెట్టి చేసిన పచ్చి అరటికాయ ముద్ద ఒకటి ఆమెకు అందించాడు.

"తిను వదినా."

"గొంతు దిగదు."

"మొదట్లో నాకూ దిగేది కాదు." అతను తన ముద్ద కొరుక్కుని, నీళ్ళ మీద నుంచి కళ్ళు తియ్యకుండా నమిలాడు. "ఇప్పటికీ వీళ్ళందరూ ఎక్కిందాకా నాకు తిన్నది ఒంటికి పట్టదు."

"నిన్ను నేనేమీ అనలేదు, ఎవారిస్తో. ఆనాడూ అనలేదు."

"అనుంటే బావుండేది."

 ఎర్ర చొక్కాలు మడచెట్ల వెంబడి విడిపోతూ, కలుస్తూ, బండ మలుపు దాటాయి. మధ్యలో నల్లటి తల ఒకటి పైకి వచ్చి, పిడికిలి ఎత్తింది. అంతా బాగుందన్న గుర్తుగా పదిమందీ పిడికిళ్ళెత్తారు. నల్లతల మళ్ళీ మునిగింది. అది మునిగినప్పుడల్లా రూఫీనా తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. తేలినప్పుడు వదిలింది. మలుపు చాటుకు పోయాక ఏం చెయ్యాలో తెలియక కమ్మీ మీద ఉప్పు గీకుతూ కూర్చుంది.

చాలాసేపటికి మలుపులోంచి ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. వాళ్ళకన్నా ముందు వాళ్ళ మాటలు వచ్చాయి. గొట్టాలు తీసేసి అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బల్లంత తాబేలు పాచి మేస్తూ గ్లెండా మోచేతికి తగిలిందట. వేలంత గుర్రపు మూతి చేప తోకతో కొమ్మ పట్టుకుని ఉందట. ఎవారిస్తో ఒక్కొక్కరిని పైకి లాగి, లాగిన ప్రతివాళ్ళ భుజం మీద అరచేత్తో తట్టి, పెదవులు కదిపాడు. అబ్దోన్ ఎక్కేసరికి పడవ ఒరిగింది. గ్లెండా ఏదో అంది, నవ్వులు.

"పది," అన్నాడు ఎవారిస్తో. తరవాత, "పాపేది వదినా?" అన్నాడు.

"అదిగో, చెట్ల దగ్గర," అంది రూఫీనా.

మడచెట్ల నీడలో నల్లటి తడి తల ఒకటి నీళ్ళ మీద ఉంది. అటువైపు తిరిగి ఉంది. ఆమె దాన్ని చాలాసేపటి నుంచి చూస్తూనే ఉంది. దాన్ని చూసిన దగ్గరనుంచీ ఆమె గుండె కాస్త కుదుటపడింది. అందుకే మధ్యలో అరటికాయ ముద్ద కొంచెం తుంచి నోట్లో వేసుకుంది కూడా.

"అంతసేపు ఏం చేస్తోంది అక్కడ?"

"దేన్నో చూస్తున్నట్టుంది. చూడనీ."

ఎవారిస్తో తలూపి లంగరు తాడు లాగడం మొదలుపెట్టాడు. నీళ్ళు పెరుగుతున్నాయి, సందులో అలలు పెద్దవవక ముందే దాటాలి. తాడు సగం చుట్టాడు.

నల్లతల ఇటు తిరిగింది. మూతికి రెండు పక్కలా మీసాలున్నాయి. అది పడవను కాసేపు చూసి, ముక్కు చీదినట్టు ఊది, మునిగింది. వీపు తళతళమని మెరిసి మాయమైంది.

రూఫీనా కమ్మీ వదిలి లేచి నిలబడింది. తన దుప్పట్ల నీడన వచ్చి పడుకునే సముద్ర సింహాలను రోజూ చీపురుతో తోలే మనిషి ఆమె. వీధి చివర ఉన్నా వాటిని పోల్చుకోగలదు. ఇవాళ ఆ తల కూతురిదే కావాలని కోరుకుంది. కోరుకున్నట్టే కనిపించింది.

"ఎవారిస్తో," అంది. "అది మన పిల్ల కాదు."

అతని చేతుల్లో తాడు ఆగింది. లెక్క సరిగ్గానే ఉంది. ఎక్కాల్సిన పదిమందీ ఎక్కారు. ఆ పదిలో గైడు లేదు. గైడు ఎన్నడూ ఆ లెక్కలో ఉండదు.

"తామియాను ఆఖరున చూసిందెవరు?" అని అడిగాడు. గొంతు పెంచలేదు.

నవ్వులు ఆగిపోయాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అబ్దోన్ ముఖం మాత్రం కిందికి వాలి ఉంది. గడ్డం మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నన్ను బయటికి నెట్టింది," అన్నాడు.

"ఎక్కడినుంచి?"

"సొరంగంలోంచి. సొరచేపలు వరసగా పడుకుని ఉన్నాయి, ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపలికి పోయాను. నీళ్ళు తోసేశాయి. ఎటు పైకో తెలీలేదు నాకు. తను వచ్చి వెనకనుంచి నెట్టింది. బయటపడ్డాను. వెనకాలే వస్తోందనుకున్నా."

"ఎంతసేపైంది?"

"పావుగంట. ఎక్కువే అయుండాలి."

"ఇంతసేపూ నోరు మూసుకుని కూర్చున్నావా," అంది గ్లెండా.

"సిగ్గేసింది," అన్నాడు అబ్దోన్. "వద్దన్న చోటికి వెళ్ళానని. వెనకాలే ఉందనుకున్నా, దేవుడి మీద ఒట్టు."

"ఏ సొరంగం?"

అబ్దోన్ చెయ్యెత్తాడు. బండ మలుపులో పక్కపక్కనే మూడు నల్లటి నోళ్ళు ఉన్నాయి. అతని వేలు ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి జరిగింది.

"నీళ్ళలోంచి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి," అన్నాడు. ఏడుపు మొదలైంది.

ఎవారిస్తో తాడు వదిలేశాడు. లంగరు మళ్ళీ మునిగింది. కత్తి నడుముకు దోపుకుని, ఎవరివో కళ్ళద్దాలు లాక్కుని, చొక్కా అయినా విప్పకుండా దూకాడు. గ్లెండా తాడు పట్టుకుని, "ఎవరూ కదలకండి, ఎక్కడివాళ్ళు అక్కడే," అని మిగిలినవాళ్ళను కూర్చోబెట్టింది.

రూఫీనా కూర్చోలేదు. పడవకూ పక్కనున్న రాతికీ మధ్య మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఆమె వాటిలోకి దిగి, నల్ల పావడా తడిసి కాళ్ళకు చుట్టుకుంటుంటే దాన్ని పైకి దోపి, రాతి మీదికి ఎక్కింది. తెల్ల రాళ్ళ గీత దాటింది. వెనకనుంచి ఎవరో వద్దని అరిచారు.

కాలి కింద రాయి మోగింది. ఒక్కొక్క అడుగుకూ ఆ మోత మారుతోంది. ఒకచోట అంచు పెంకులా విరిగి కింద నీళ్ళలో పడింది. ఆమె పక్కకు జరిగింది. మొదటి బిలం దగ్గర బోర్లా పడుకుని చెవి పెట్టింది. నీళ్ళు వచ్చి పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండో దాంట్లోకి తొంగి చూసింది. కింద ఇసుక మీద బూడిదరంగు సొరచేపలు నాలుగు, పక్కపక్కనే, మొప్పలు కదిలిస్తూ పడుకుని ఉన్నాయి. వాటికి ఏమీ పట్టినట్టు లేదు.

మూడో బిలం రొట్టెల పొయ్యి మూతంత ఉంది.

"తామియా."

గాలి బుస్సుమని వచ్చి ముఖానికి కొట్టింది. ఆ గాలితో పాటు దగ్గు వినిపించింది.

"అమ్మా. అక్కడెందుకున్నావు? ఆ రాయి విరుగుతుంది."

కూతురు తనను చూసి మొదట అన్నమాట అది. 

"కాలు ఇరుక్కుంది," అంది తామియా. ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "రాళ్ళ మధ్య. వంగితే నీళ్ళు మింగుతున్నా. బాబాయిని పిలువు."

బిలంలోంచి చూస్తే చీకట్లో ముఖం ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది. నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి. చూస్తుండగానే అవి లేచాయి. నోరు, ముక్కు, కళ్ళు, నుదురు, అన్నీ మునిగాయి. కాసేపు అక్కడ నల్లటి నీళ్ళే ఉన్నాయి. దిగాయి. ముఖం మళ్ళీ కనిపించింది. తామియా వాంతి చేసుకుంటున్నట్టు దగ్గింది.

రూఫీనా తల ఎత్తి ఎవారిస్తో పేరు అరిచింది. ఆమె గొంతు అంత దూరం పోగలదని ఆమెకే తెలియదు. మొదటి సొరంగం దగ్గర తేలిన అతను ఇటు తిరిగి ఈదడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడొస్తుందో తెలీడం లేదమ్మా," అంది తామియా. "నీళ్ళు. ఇక్కడినుంచి కనపడదు. ఊపిరి వదిలినప్పుడే వచ్చేస్తోంది."

రూఫీనా బోర్లా పడుకుని కుడిచెయ్యి భుజం దాకా బిలంలోకి దించింది. రాయి చంక కింద కోసుకుంది. కింద వెతుకుతున్న వేళ్ళు ఆమె వేళ్ళకు తగిలాయి. మంచులా ఉన్నాయి. పట్టుకుంది. అలా పడుకుంటే బిలంలోకి చూడటానికి వీల్లేదు. బుగ్గ రాతికి ఆని ఉంది, ముఖం సముద్రం వైపు ఉంది. కూతురిని చూద్దామని వచ్చిన మనిషికి ఇప్పుడు కూతురు తప్ప అన్నీ కనిపిస్తున్నాయి.

నల్లబండల అవతల సముద్రం లేస్తోంది. మూడు. ఒకదాని వెనక ఒకటి మూడు, మధ్యలో ఖాళీ లేకుండా. వాటి వెనక రెండు, సగం ఎత్తువి. వాటి వెనక చదునుగా ఉంది.

ఆమెకు అది తెలుసు. ఆరేళ్ళు ఆ నీళ్ళ వైపు చూస్తూ దుప్పట్లు ఆరేసింది. అలోన్సో ఒంటి మీది నీలం చొక్కా ఏ అల మీదైనా తేలుతుందేమోనని చూసింది. చొక్కా రాలేదు గాని, అలలు వచ్చే వరస ఎప్పుడు వంటబట్టిందో ఆమెకే తెలియదు.

"మూడొస్తున్నాయి," అంది. "ఇప్పుడు నిండా పీల్చు. ఇంకా. ఊపిరి పట్టు."

నీళ్ళు బండల మీద విరిగి, కింద ఉరుముతూ పారాయి. ఆమె చెయ్యి మోచేతి దాకా తడిసింది. పట్టుకున్న వేళ్ళు బిగిశాయి.

"వదిలి పీల్చు. చాల్లే, పట్టు. ఇంకోటి ఉంది. పీల్చు, పట్టు. ఇక రెండు చిన్నవి, అవి ముక్కు దాకానే. తల వెనక్కి వాల్చు. ఇప్పుడు కాసేపు రాదు."

"రాదా?"

"రాదు. మామూలుగా పీల్చుకో."

సొరంగంలోంచి ఎవారిస్తో గొంతు, డొల్లగా, వినిపించింది. "పాపా, నేనే. వదినా, నాకెంతసేపుంది?"

"దుప్పటి మడత పెట్టేంత."

"మనుషుల లెక్కలో చెప్పు."

"పాతిక దాకా లెక్కపెట్టుకో. ఇప్పుడే మునుగు."

అతను మునిగాడు.  రూఫీనా సముద్రాన్ని చూస్తూ లోపల లెక్కపెట్టింది. ఇరవై దగ్గర బండల అవతల సముద్రపు గీత నల్లబడింది.

"పైకి రా," అని అరిచింది. కింద ఇద్దరి దగ్గూ వినిపించింది.

"కాలి రెక్క పట్టీ సగం కోశాను. ఇంకోసారి," అన్నాడు ఎవారిస్తో.

"మూడు. పీల్చు. పట్టు."

మొదటిది పోయింది, రెండోది పోయింది. మూడోది పోగానే పీల్చమని చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడు కనిపించింది. మూడో అల వెనకనే, వరసలో లేనిది, అన్నింటికన్నా ఎత్తుగా ఇంకోటి. ఆరేళ్ళలో అలాంటివి చూడకపోలేదు. ఎప్పుడో ఒకసారి వచ్చి తాడు మీది దుప్పట్లను కూడా తడిపేసి పోతాయి.

"పట్టు, వదలకు, పట్టు," అంది. అప్పటికే అటునుంచి చిన్న చప్పుడు వచ్చింది, ఊపిరి వదిలిన చప్పుడు.

నీళ్ళు వచ్చాయి. ఈసారి బిలంలోంచి పైకి పొంగి ఆమె ముఖాన్ని కప్పేశాయి. ఉప్పు కళ్ళలో, ముక్కులో. ఆమె కదల్లేదు. కింద వేళ్ళు ఒక్కసారి గట్టిగా గోళ్ళు దిగేలా పట్టుకున్నాయి. తరవాత పట్టు సడలింది. వేళ్ళు ఆమె చేతిలో ఉన్నాయి గాని పట్టుకోవడం లేదు.

రూఫీనా పిలవలేదు. పిలిస్తే జవాబు రాకపోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు.

నీళ్ళు దిగాయి. కింద ఎవరో ఎవరినో కొడుతున్న చప్పుడు. ఎవారిస్తో బూతు మాట ఒకటి. ఆ తరవాత, "వదినా, చెయ్యి వదులు."

"బతికుందా?"

"కాలు రాళ్ళలోంచి ఊడి వచ్చేసింది. నువ్వు చెయ్యి వదిలితే గాని నేను లాగలేను. వదులు."

రూఫీనా వదల్లేదు. ఆ చెయ్యి వదిలితే కింద ఇక నీళ్ళే ఉంటాయి. గాలిగొట్టం ఖాళీగా పైకి వచ్చిన రోజు ఎవారిస్తోనే పడవలో ఉన్నాడు. సముద్రం చదునుగా పరుచుకుని ఉంది. పాతికలో సగం అయిపోయింది.

"వదినా."

ఆమె వేళ్ళు తెరిచింది. చెయ్యి జారిపోయింది. ఏదో మునిగిన చప్పుడు. ఆ తరవాత ఆమె చెయ్యి చీకట్లో ఊరికే వేలాడింది.

లేచి సొరంగం నోటి వైపు రాతి మీద పరుగెత్తింది. అడుగు ఎక్కడ పడుతుందో చూడలేదు. అంచు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు కదిలాయి. ఎవారిస్తో తల తేలింది. అతని చంకలో నల్లటి తల ఇంకొకటి. అబ్దోన్ అప్పటికే గట్టు నీళ్ళలో నడుం లోతున నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి తామియాను రాతి మీద బోర్లా వేశారు. వీపు మీద కొట్టారు. నోట్లోంచి నీళ్ళు వచ్చాయి. చాలా వచ్చాయి. ఆ తరవాత ఊపిరి, కీచుమంటూ, మధ్యలో తెగుతూ వచ్చింది.

పడవలోకి ఎక్కించేసరికి తామియా చీలమండ వాచి నల్లబడింది. గ్లెండా తన తువ్వాలు చింపి కట్టు కట్టింది. అబ్దోన్ దూరంగా, అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు. తామియా తల్లి పక్కన దుప్పటి కప్పుకుని, నీళ్ళ వైపు కాకుండా పడవ అడుగున చెక్కల వైపు చూస్తోంది.

రూఫీనా ఆ చూపును గమనించింది. ఈ రోజు అడిగితే కాదనదని ఆమెకు అర్థమైంది. ఏడాదిగా నాలుక చివరిదాకా వచ్చి మింగేసిన మాట అది.

"ఈ పని మానెయ్యి తల్లీ," అంది మెల్లగా.

"సరే," అంది తామియా.

వెంటనే అంది. వాదించలేదు, తల ఎత్తలేదు. పదేళ్ళ పిల్ల గొంతులా ఉంది. ఆ మాట వినగానే రూఫీనాకు, బిలం దగ్గర వేళ్ళ పట్టు సడలినప్పుడు వేసిన భయమే మళ్ళీ వేసింది. అడిగింది దొరికింది. కూతురు ఇంక ఒడ్డునే ఉంటుంది, తన పక్కన, ఇంకో తాడు మీద దుప్పట్లు ఆరేస్తూ, నీళ్ళలో కాలు పెట్టకుండా. ఎన్నేళ్ళైనా.

ఎవారిస్తో పడవను సందుకు ఎదురుగా తిప్పి నిలబెట్టాడు. పోటు మీద అలలు పొద్దుటికన్నా ఎత్తుగా విరుగుతున్నాయి. అతను ముందు సముద్రం వైపు చూశాడు, తరవాత తామియా వైపు చూశాడు. సందు దాటే ముందు ఎలా కూర్చోవాలో, ఏది పట్టుకోవాలో చెప్పాల్సింది గైడే. పడవలో పదిమంది చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్నారు.

తామియా చెక్కల వైపే చూస్తోంది.

"వాళ్ళకు చెప్పు," అంది రూఫీనా.

"నువ్వు చెప్పమ్మా."

"నాకు తెలీదు. నేను గైడును కాను."

"నేనూ కాను. ఇప్పుడేగా మానెయ్యమన్నావు."

"రేపు మానేద్దువు గాని. వాళ్ళు నీ గుంపు. ఇవాళ్టికి చెప్పు."

తామియా తల ఎత్తింది. తెల్లగా పొర్లుతున్న సందును చూసింది.  నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. రూఫీనా కూతురి వీపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది.

"అందరూ," అంది తామియా. గొంతు గీసుకుపోయి ఉంది, వెనక కూర్చున్నవాళ్ళకు వినపడలేదు. "అందరూ కమ్మీ పట్టుకోండి. మోకాళ్ళు వంచి కూర్చోండి. అబ్దోన్ అన్నా, ఇటు తిరుగు. మధ్యలోకి రా."

అబ్దోన్ ఇటు తిరిగి, మధ్యలోకి వచ్చి కూర్చున్నాడు.

ఇంజను అరిచింది. పడవ ముక్కు నీళ్ళ గోడ వైపు లేచింది. రూఫీనాకు రేపటి సంగతి తెలియదు. కమ్మీ మీద ఆమె చెయ్యీ కూతురి చెయ్యీ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకేలా బిగిసి ఉన్నాయి.